గిన్నెలో అన్నం, ఒంట్లో ఆకలి

కరువు అనగానే మనకు బీటలువారిన చెరువులు, ఎముకలు తేలిన పశువులు, గంజికేంద్రం ముందు బారులు తీరిన జనం గుర్తుకొస్తారు. మన పెద్దలు 'ధాత కరువు' అని చెప్పుకున్నది అలాంటిదే. నేటి కరువు అంత బాహాటంగా రాదు. రేషను బియ్యం అందుతూనే ఉంటాయి. పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. పిల్లవాడు కడుపునిండా తిన్నట్టే కనిపిస్తాడు. కాని రెండు మూడేళ్ళు గడిచేసరికి వాడు ఈడుకు తగ్గ ఎత్తు ఎదగడు, ఊరికే జ్వరపడతాడు, బడిలో చెప్పిన పాఠం తలకెక్కదు. పనులు పోయిన రోజుల్లో, ధరలు మండిన రోజుల్లో పేద ఇళ్ళలో జరిగేది ఇదే. ఈ కనిపించని ఆకలిని ఎలా గుర్తించాలి? దీన్ని ఎదుర్కోవడంలో ప్రభుత్వ బాధ్యత ఎంత, మన బాధ్యత ఎంత? పాఠకులు కాస్త ఓపికతో ఆలోచించవలసిన విషయమిది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత 2015-16లో జరిగింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31.4 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. ఐదో విడతలో ఆ సంఖ్య 31.2 శాతం. అంటే మధ్యలో గడిచిన సంవత్సరాల్లో ఆ అంకె దాదాపు కదలలేదు. రక్తహీనత విషయంలో పరిస్థితి మరీ అన్యాయం. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 58.6 శాతం నుంచి 63.2 శాతానికి పెరిగింది. ప్రతి ముగ్గురిలో సుమారు ఇద్దరు పిల్లలకు ఒంట్లో చాలినంత రక్తం లేదన్నమాట. ఒక సంగతి గమనించాలి. ఐదో విడత సర్వే మన రాష్ట్రంలో 2019లో జరిగింది. కరోనా దెబ్బ అప్పటికింకా పడలేదు. మామూలు రోజుల్లోనే ఇలా ఉంటే కష్టకాలంలో ఎలా ఉంటుందో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

ఇక మన సమాజం సంగతి. 2006లో వెలువడిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక గురించి మాట్లాడేటప్పుడు మనం ఉద్యోగాలు, చదువులు, బ్యాంకు రుణాల దగ్గరే ఆగిపోతాం. అందులో పిల్లల ఆరోగ్యం మీద ఒక ముఖ్యమైన పరిశీలన ఉంది. దేశంలో ముస్లిం శిశువుల మరణాల రేటు సగటు కంటే తక్కువగానే ఉంది. కాని బతికిన ఆ పిల్లల్లోనే ఎదుగుదల లోపం అన్ని వర్గాల కంటే ఎక్కువగా కనిపించింది. ఇంతకంటే ఆలోచింపజేసే మాట మరొకటి ఉండదు. పుట్టిన బిడ్డను బతికించుకుంటున్నాం. బతికిన బిడ్డను సరిగా పెంచుకోలేకపోతున్నాం.

మన తీరంలో బతుకులు

చిట్టమూరు మండలం 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా పేరు మారింది గాని బతుకుతెరువు మారలేదు. పులికాట్ సరస్సు చుట్టుపక్కల, వరి పొలాలు, రొయ్యల గుంటల నడుమ ఉన్న ప్రాంతమిది. ఈ తీరంలో అందరికంటే బీదవారు యానాదులు. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి రాష్ట్రంలో వీరి సంఖ్య ఐదు లక్షలకు పైమాటే. నెల్లూరు సీమే వీరి పుట్టినిల్లు. చేపల వేట, పొలం కూలి, గుంటల కాపలా వీరి ఆధారం. వీరి పక్కనే చేపలు పట్టే పల్లెకారులు ఉన్నారు. మన వాళ్ళూ ఉన్నారు. బండి మీద పండ్లు అమ్మేవారు, పాత ఇనుము కొనేవారు, దర్జీలు, దూదేకులవారు, మెకానిక్ షెడ్లలో పనిచేసే కుర్రాళ్ళు. కులం, మతం వేరైనా వీళ్ళందరికీ ఒక పోలిక ఉంది. ఆనాటి సంపాదన ఆనాటికే సరి. నాలుగు రోజులు పని ఆగితే ఐదో రోజు అప్పు.

పని ఆగడానికి ఈ తీరంలో కారణాలకు కొదవ లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలంలో అది అవసరమే. అయినా ఆ రెండు నెలలూ కూలికి వెళ్ళే కుటుంబానికి ఇబ్బందే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. బళ్ళు, బజార్లు, బస్సులు ఒక్కసారిగా ఆగిపోయాయి. 2021 నవంబరులో వరదలు ముంచెత్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మన ప్రాంతాన్ని వానలతో కుదిపేసింది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచడంతో రొయ్యల వ్యాపారం తల్లకిందులైంది. ఎక్కడో వాషింగ్టన్‌లో తీసుకున్న నిర్ణయానికి ఇక్కడ గుంటగట్టు మీద మేత చల్లే కూలీ ఇంట్లో కూర తగ్గుతుంది. లోకం ఎంత దగ్గరైందో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

మొదట తగ్గేది ఏది?

డబ్బు తగ్గిన ఇంట్లో ఖర్చు ఒక వరుసలో తగ్గుతుంది. బియ్యం చివరిదాకా ఉంటాయి. అందుకు రేషను దుకాణం కారణం. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం 2023 జనవరి నుంచి ఉచితంగా ఇస్తున్నారు. ఇది మంచి పనే, కాదనలేం. తగ్గేవి మిగతావి. మొదట మాంసం, పండ్లు పోతాయి. తరువాత పాలు టీ నీళ్ళలోకి మాత్రమే పరిమితమవుతాయి. ఆపైన గుడ్లు, పప్పు, నూనె. చివరికి మిగిలేది అన్నం, చింతపండు చారు, పచ్చిమిరపకాయ నూరిన పచ్చడి. పెద్దవాడి కడుపు దీనితో నిండుతుంది. ఏడాదిన్నర బిడ్డ కడుపు కూడా నిండుతుంది. ఆ బిడ్డ పొట్ట చిన్నది, అవసరం పెద్దది. నాలుగు ముద్దల్లోనే ఎముకకూ కండకూ రక్తానికీ కావలసినవన్నీ ఉండాలి. ఉత్త అన్నంతో ఆ నాలుగు ముద్దలూ వృథా.

అంతకంటే ముందు తగ్గేది మరొకటి ఉంది. దాన్ని ఏ సర్వే ఉద్యోగీ గిన్నె మూత తీసి చూడలేడు. అది తల్లి పళ్ళెం.

ముస్లిం జనాభా ప్రపంచంలోనే అత్యధికంగా గల ఇండోనేషియాలో 1997-98లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. వారి రూపాయి విలువ కుప్పకూలింది, ఆహార ధరలు ఆకాశానికెక్కాయి. మధ్య జావాలో పల్లె కుటుంబాలను అప్పట్లో పరిశోధకులు పరిశీలించారు. చిన్నపిల్లల బరువు అంతగా తగ్గలేదని తేలింది. బరువు చూసినవారు ప్రమాదం లేదనుకోవాలి. కాని రక్తపరీక్షలు వేరే కథ చెప్పాయి. పిల్లల్లో రక్తహీనత పెరిగింది. తల్లులు చిక్కిపోయారు. అంటే తల్లులు తమ ముద్ద తగ్గించుకుని బిడ్డల కడుపు నింపారు. గుడ్డు, కూర వంటివి కొనలేక అన్నంతో నింపారు. బిడ్డ బరువు నిలిచింది, రక్తం నిలవలేదు. మన ఇళ్ళలోనూ అందరికీ వడ్డించి అడుగున మిగిలింది తినే ఇల్లాలిని చూస్తూనే ఉన్నాం. దాన్ని మనం త్యాగమని పొగుడుతాం. ఆమె గర్భిణీ అయినా పాలిచ్చే తల్లి అయినా ఆ త్యాగం చివరికి బిడ్డ మీదే పడుతుంది. రక్తం లేని తల్లికి తక్కువ బరువు బిడ్డ పుడుతుంది. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ మొదటి నుంచే వెనకబడిపోతుంది. గర్భం దాల్చిన నాటి నుంచి రెండేళ్ళు నిండేవరకు గల వెయ్యి రోజుల్లో జరిగిన నష్టాన్ని తరువాత పూడ్చడం చాలా కష్టమని వైద్యులు చెబుతున్నారు.

పాత వివాదం, నేటి పాఠం

ధాన్యం ఇస్తే చాలు కదా అన్న వాదన కొత్తది కాదు. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధాని అల్లాడిపోయింది. నెల్లూరు జిల్లా కూడా బాధిత ప్రాంతమే. 1877లో కలకత్తా ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించే ఉద్దేశంతో సహాయ పనుల్లో ఉన్న మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన కొద్ది డబ్బు చాలునన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. పనిచేసే శరీరానికి అంతకంటే ఎక్కువ తిండి కావాలి, అందులో పప్పుధాన్యాలు, కూరగాయలు కూడా ఉండాలి అన్నది ఆయన వాదన. ఆ కరువు లక్షలాది ప్రాణాలు బలి తీసుకుంది. డాక్టరు మాటే నిజమని నేటి పోషకాహార శాస్త్రం చెబుతోంది.

నూటయాభై ఏళ్ళ తరువాత కూడా కష్టకాలంలో మన మొదటి ఆలోచన బియ్యం బస్తా చుట్టూనే తిరుగుతోంది. 2020లో కేంద్రం అదనంగా ఇచ్చిన ఉచిత ధాన్యం 2022 డిసెంబరు వరకు కొనసాగింది. దానితోపాటు కుటుంబానికి నెలకు ఇచ్చిన ఒక కిలో పప్పు లేక శెనగలు 2020 నవంబరుతోనే ఆగిపోయాయి. బియ్యం కొనసాగాయి, పప్పు ఆగిపోయింది. పేదవాడి పళ్ళెం చరిత్ర మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

అంగన్‌వాడీని వదులుకోవద్దు

ఈ లోటు తీర్చడానికే 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, ప్రసవమైన ఆరు నెలల వరకు తల్లులకు పోషకాహారం 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం హక్కు. ఎవరి దయాదాక్షిణ్యాలతోనూ పనిలేదు. 2013 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 'అమృత హస్తం' పథకం తల్లి పళ్ళెం సమస్యను సరిగ్గా పట్టుకుంది. గర్భిణి, బాలింత కేంద్రానికే వచ్చి పప్పు, కూర, గుడ్డు, పాలతో ఒక పూట కడుపునిండా తినాలి. తెలంగాణలో 2015లో వచ్చిన 'ఆరోగ్య లక్ష్మి' కూడా ఇదే పద్ధతి. కేంద్రంలో కూర్చుని తిన్న గుడ్డు ఆమె ఒంటికే పడుతుంది. ఇంటికి తెచ్చిన గుడ్లు పులుసులో పడి ఆరుగురికి పంపకమవుతాయి. 2020లో కేంద్రాలు మూతపడినప్పుడు సరుకులు ఇళ్ళకు చేర్చారు. అప్పటి పరిస్థితిలో అది తప్పనిసరి. కాని ఇంటికి చేరిన సరుకు ఎవరి నోటికి చేరిందో ఎవరు చూశారు? అదే ఏడాది సెప్టెంబరులో రాష్ట్రంలో సంపూర్ణ పోషణ పథకం ప్రారంభమైంది. గిరిజన మండలాలకు అదనపు పోషణ కూడా ప్రకటించారు. ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లు మారతాయి. పాఠకులు గుర్తుంచుకోవలసింది పేరును కాదు, హక్కును.

ఈ హక్కు అందరికీ సమానంగా అందడం లేదు. చెరువు కట్టల మీద, గుంటల గట్ల మీద విడివిడిగా బతికే యానాది కుటుంబాలకు కేంద్రం దూరం. పని వెతుక్కుంటూ ఊరు మారితే పేరు జాబితాలో ఉండదు. ఆధార్, కుల ధ్రువపత్రం లేని కుటుంబాల కష్టం వేరే చెప్పనక్కర్లేదు. మన వాడల్లో అడ్డంకి వేరు. పరదా, మొహమాటం, 'అక్కడికి వెళ్ళి తింటే నలుగురూ ఏమనుకుంటారు' అన్న నామోషీ. కొందరు దాదీలు, నానీలు కోడళ్ళను పంపరు. అత్తామామలకు వినయంగా మనవి చేసేదొకటే. కోడలు కేంద్రంలో తినే ఆ పూట భోజనం మీ మనవడి ఎముకలోకి వెళుతుంది. దానికి అడ్డుపడకండి.

బిడ్డ పరిస్థితి తెలుసుకోవడానికి డాక్టరే కానక్కర్లేదు. నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించాలి. బిడ్డ బక్కగా ఉందా అని కంటితో చూస్తే సరిపోదు, కిందటి నెల కంటే బరువు పెరిగిందా లేదా అన్నదే ప్రశ్న. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల భుజానికీ మోచేతికీ నడుమ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే జాగ్రత్తపడాలి. 11.5 కంటే తక్కువ ఉన్నా, రెండు పాదాలూ వాచినా అది ప్రాణాపాయం. తాయెత్తులతో, ఊదుడు మంత్రాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి పిల్లలను తల్లితోపాటు చేర్చుకుని తిండితో బాగుచేసే పోషకాహార పునరావాస కేంద్రాలు ఉన్నాయి. దువా చేయండి, వైద్యం కూడా చేయించండి. ఒకటి రెండోదానికి అడ్డు కాదు.

మన ఇళ్ళలో సరిదిద్దుకోవలసినవి

పేదరికం మన చేతిలో లేదు. కొన్ని అలవాట్లు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. పొద్దున్నే బిడ్డకు చాయ్‌లో ముంచిన బన్ను, బిస్కెట్టు పెట్టి సరిపెట్టడం మన ఇళ్ళలో మామూలైపోయింది. తేయాకులోని పదార్థం తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రక్తం తక్కువున్న బిడ్డకు చాయ్ ఇవ్వడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. అదే డబ్బుతో గుప్పెడు వేయించిన శెనక్కాయలు, కాస్త బెల్లం పెట్టవచ్చు. ఖిచిడీలో పప్పు పాలు పెంచి, మునగాకు వేసి, పైన ఒక చెంచా నూనె కలిపితే అది బిడ్డకు మంచి ఆహారం. మన తీరంలో దొరికే నెత్తళ్ళు చౌక. ఎండబెట్టినవి శుభ్రంగా కడిగి, వేయించి, పొడిచేసి అన్నంలో కలపవచ్చు. ఉప్పు మాత్రం చూసుకోవాలి.

ముర్రుపాలు పిండి పారబోయడం, బిడ్డ నోట్లో ముందుగా తేనె నాకించడం, ఇన్ని అజాన్లు వినబడేదాకా పాలివ్వకూడదనడం వంటివి ధర్మం పేరుతో నడుస్తున్న దురాచారాలు. 2016లో కేరళలో ఐదు అజాన్లు పూర్తయ్యేదాకా బిడ్డకు పాలు పట్టనివ్వని ఒక తండ్రి సంగతి పత్రికలకెక్కింది. ఇస్లాంలో దీనికి ఆధారం లేదు. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి. ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఆ తరువాత పాలతోపాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలే వద్దు. దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరా 233వ వాక్యంలో రెండేళ్ళ వరకు పాలివ్వడం గురించి ప్రస్తావన ఉందని మనందరికీ తెలుసు. ఆ తల్లికి తిండి, బట్ట సమకూర్చే బాధ్యత తండ్రిదేనని కూడా అదే వాక్యంలో ఉందన్న సంగతి మనం అంతగా చెప్పుకోం. బిడ్డ పాల గురించిన వాక్యంలోనే తల్లి తిండి గురించి చెప్పడంలోని వివేకాన్ని భర్తలు గ్రహించాలి. తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయం ఉన్న గర్భిణికి, పాలిచ్చే తల్లికి రమజాన్ ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు షరీఅత్ ఇచ్చింది. అల్లాహ్ ఇచ్చిన ఆ సౌలభ్యాన్ని ఇంట్లోవాళ్ళు లాగేసుకోరాదు.

దానధర్మాల లెక్క మారాలి

రమజాన్ వచ్చిందంటే మన దాతలు బియ్యం సంచులు, సేమియా, చక్కెర, నూనె పంచుతారు. వారి సంకల్పం గొప్పది, అల్లాహ్ స్వీకరించుగాక. కాని బియ్యం ఇప్పటికే ఉన్న ఇంటికి మరో బియ్యం సంచి చేరుస్తున్నాం. లేనిది పప్పు, గుడ్డు, పాలు, శెనక్కాయలు. దైవప్రవక్త (స) కాలంలో ఫిత్రా ఒకే ధాన్యంలో ఇచ్చేవారు కాదు. బార్లీతోపాటు ఖర్జూరం, ఎండుద్రాక్ష, పాల నుంచి చేసిన గట్టి జున్ను కూడా సాఅ కొలతతో ఇచ్చేవారు. మనం గోధుమ లెక్కతో సరిపెడుతున్నాం. స్తోమత గలవారు ఖర్జూరం లెక్కతో, ఎండుద్రాక్ష లెక్కతో ఇవ్వవచ్చు కదా!

ఇంకొక సూచన. మస్జిద్ కమిటీలు, స్థానిక బైతుల్‌మాల్‌లు తమ మొహల్లాలో ఎందరు గర్భిణులు ఉన్నారు, రెండేళ్ళలోపు పిల్లలు ఎందరు, వారిలో కుటుంబ పెద్దకు పని లేనివారు ఎవరు అని ఒక చిన్న జాబితా రాసుకోవాలి. చిన్న ఊళ్ళో ఇది ఒక జుమా సాయంత్రం పని. పండగకు ఒకేసారి ఇచ్చే సంచి బదులు ఆ కొద్ది ఇళ్ళకు పన్నెండు నెలలూ గుడ్లు, పప్పు చేరేలా చూస్తే ఆ సొమ్ము ఎంతో ఫలం ఇస్తుంది. ఆడవాళ్ళ చేతుల మీదుగా పంచితే అది తల్లి పళ్ళెందాకా చేరుతుంది. జాబితా మన వాడ దగ్గరే ఆగరాదు. జకాత్ పంపిణీకి ఫిఖ్హ్ చెప్పిన షరతులు ఉన్నాయి. సదఖాకు, ఖుర్బానీ మాంసానికి మతం అడ్డు లేదు. కట్ట మీద గుడిసెలో ఉన్న యానాది తల్లి మనకు పొరుగే. పొరుగువాడు పస్తుండగా తాను కడుపునిండా తినేవాడి ఈమాన్ గురించి దైవప్రవక్త (స) ఏమని హెచ్చరించారో జుమా ఖుత్బాల్లో ఎన్నోసార్లు విన్నాం.

ప్రభుత్వాన్ని అడగవలసింది కూడా అడగాలి. మధ్యాహ్న భోజనం మనకు ఊరికే రాలేదు. ఆకలి మీద కొందరు కోర్టుకెక్కితే 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది, 2003 నుంచి మన రాష్ట్రంలో అమలైంది. అడిగినవారు ఉన్నారు కాబట్టే వచ్చింది. వేట నిషేధమో, తుపానో, మార్కెట్టు దెబ్బో తగిలిన వెంటనే బియ్యంతోపాటు పప్పు, గుడ్లు కూడా పెంచి ఇవ్వాలని గ్రామసభలో అడగండి. విడిగా ఉన్న యానాది గుడిసెల దగ్గరికి అంగన్‌వాడీ సేవలు తీసుకుపోవాలని వారి తరఫున మనం కూడా అడుగుదాం.

తుపాను కొట్టుకుపోయిన ఇంటిని మళ్ళీ కట్టుకోవచ్చు. పడిన రొయ్యల ధర మళ్ళీ లేస్తుంది. రెండేళ్ళ వయసులో ఎదగక ఆగిపోయిన బిడ్డకు ఆ రెండేళ్ళు మాత్రం తిరిగిరావు. ఈ సాయంత్రం భోజనాల వేళ ప్రతి ఇంటి యజమానీ ముందుగా తన భార్య పళ్ళెం వైపు ఒకసారి చూడాలి. అందులో ఏముందో చూశాకే తన ముద్ద నోట పెట్టుకోవాలి.